నకల్ ముతాబిఖ్ అసల్



పోయిన నెల మా మాలిక్ నన్ను కేబిన్‌లకు పిలిచి ఒక కొటేషన్ ముందర పెట్టిండు. "భాయ్, ఇది సిమ్యులేషన్ డేటా మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంట. కొనాల్నా, వద్దా? నువ్వు చెప్పు. నీ మాట మీదనే ఫైసలా చేస్త" అన్నడు. కింద రాసి ఉన్న రఖం చూసి నా నోరు ఎండిపోయింది. ఆ పైసలతోని షెడ్‌ల ఇంకో మంచి వెల్డింగ్ మెషీన్ వస్తది. "రెండు రోజులు టైమ్ ఇయ్యండి సార్" అని బయటికొచ్చిన.

ఆ రెండు రోజులు దిమాగ్‌ల తిరిగిందే ఈ రాత. మా మాలిక్‌కు చెప్పాల్సిన జవాబే, కానీ ఈ హైవే పొంట ఉన్న చిన్న కంపెనీలన్నింటికీ ఇవాళ కాకుంటే రేపు ఇదే సవాల్ వస్తది. అందుకే మీ ముందర కూడా పెడుతున్న.

మాది చౌటుప్పల్. విజయవాడ రోడ్డు మీద హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్లు. నా బచ్‌పన్‌ల నల్గొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. పక్కన కొయ్యలగూడెంల ఇక్కత్ మగ్గాలు, రోడ్డు పొంట మందుల ఫ్యాక్టరీలు, దండు మల్కాపూర్‌ల 2019ల మొదలైన ఇండస్ట్రియల్ పార్కు. మేం చేసేది ఫ్యాబ్రికేషన్. మందుల ఫ్యాక్టరీలకు, కెమికల్ ఫ్యాక్టరీలకు రియాక్టర్లు, ట్యాంకులు, హీట్ ఎక్స్‌చేంజర్లు తయారు చేసి పంపుతం. షెడ్‌ల వెల్డర్లు, ఫిట్టర్లు చేసే మెహనత్ అందరికీ కనపడతది. ఆఫీసుల మేం నలుగురం కంప్యూటర్ ముందర కూసొని చేసే పని ఎవరికీ కనపడది. ఈ ముచ్చట ఆ కనపడని పని గురించి.

ముందు ఆ పని ఏందో సాదాగా చెప్త. రియాక్టర్ అంటే చాలా పెద్ద ప్రెషర్ కుక్కర్ అనుకోండి. లోపల ప్రెషర్, వేడి, కెమికల్. దానికి పైపులు కలిపేతందుకు నాజిళ్లు ఉంటయి. గుండ్రని షెల్‌కు రంధ్రం చేసి నాజిల్ అతికిస్తే, ఆ జోడు దగ్గర లోహం మీద జోర్ ఎక్కువ పడతది. ఎంత పడతదో కాగితం మీది ఫార్ములాతోని అన్నిసార్లూ తేలది. అందుకే కంప్యూటర్‌ల ఆ రియాక్టర్ నమూనా గీసి, దాన్ని వేల చిన్న ముక్కలుగా కోసి, ప్రెషర్ ఇచ్చి, పైపు బరువు ఇచ్చి, ఏ ముక్క మీద ఎంత జోర్ పడుతుందో లెక్క తీస్తం. దీన్నే ఫైనైట్ ఎలిమెంట్ అనాలిసిస్ అంటరు. మామూలు జబాన్‌ల సిమ్యులేషన్. ఇనుము కొనకముందే, వెల్డింగ్ చేయకముందే, ఇది తట్టుకుంటదా తట్టుకోదా అని తెలుసుకునే రాస్తా.

ఇప్పుడు అసలు ఖిస్సా.

కొన్నేండ్ల కింద వేరే జిల్లాల ఒక ఫ్యాక్టరీకి మేం ఒక రియాక్టర్ పంపినం. అయిదేండ్లు బాగానే నడిచింది. తర్వాత ఒక రోజు ఆ ఫ్యాక్టరీ ఇంజనీర్ ఫోన్ చేసి "షెల్‌కు ఇంకో నాజిల్ పెట్టాలె. మీ పాత అనాలిసిస్ చూసి, పెట్టొచ్చా లేదా చెప్పండి" అన్నడు. ఇదేం పెద్ద ముష్కిల్, ఒక్క రోజు పని అనుకున్న. కంప్యూటర్‌ల ఆ జాబ్ ఫోల్డర్ తెరిచిన. అందుల మూడు ఫైళ్లు ఉన్నయి. ఒకటి "ఫైనల్". రెండోది "ఫైనల్ కొత్తది". మూడోది "ఫైనల్ 2 సార్ చూసింది".

నవ్వొచ్చింది కదా? నాకు రాలేదు. తెరిచి చూస్తే రెండు ఫైళ్లల్ల షెల్ మందం 12 మిల్లీమీటర్లు. ఒక దాంట్ల 9 మిల్లీమీటర్లు.

ఈ 12, 9 ఏందో చెప్పాలె. కెమికల్ లోపల ఉండంగ ఉండంగ ఇనుము తుప్పు తింటది, సన్నబడతది. అందుకే 9 సరిపోయే చోట 12 పెడతం. ఆ ఎక్కువ పెట్టిన 3 మిల్లీమీటర్లు తుప్పు తినేతందుకు ముందే ఇచ్చిన ఖర్చు. కానీ లెక్క చేసేటప్పుడు ఆ 3 తీసేసి 9తోనే చెయ్యాలె. ఎందుకంటే ఆఖరి రోజున మిగిలేది అదే. రియాక్టర్ అడ్డం 2 మీటర్లు, ప్రెషర్ 6 బార్ అనుకోండి. 12 మిల్లీమీటర్లతోని చేస్తే షెల్ మీద జోర్ 50 మెగాపాస్కల్స్ వస్తది. 9తోని చేస్తే 67 దాకా పోతది. మూడో వంతు ఎక్కువ. ఇది సాదా షెల్ మీద. నాజిల్ జోడు దగ్గర ఇంకా ఎక్కువ ఉంటది.

మేం సంతకం పెట్టి పంపిన రిపోర్టు ఈ మూడింట్ల దేని మీద తయారైంది? రిపోర్టుల రాసి లేదు. ఆ అనాలిసిస్ చేసిన తమ్ముడు ఇప్పుడు దమ్మామ్‌ల ఉన్నడు. వాట్సాప్‌ల కాల్ చేసిన. "భయ్యా, అయిదేండ్ల ముచ్చట, నాకు యాద్ లేదు. నా నోట్స్ ఉన్న ల్యాప్‌టాప్ ఎప్పుడో ఫార్మాట్ చేసి అమ్మేసిన" అన్నడు. పాపం, అతని గల్తీ ఏముంది. రాసి పెట్టుమని మేం ఎన్నడూ అడగలేదు, పెట్టేతందుకు జాగా కూడా ఇయ్యలేదు.

ఇగ నేను, ఇంకో పిల్లగాడు కూసొని రిపోర్టుల ఉన్న రంగుల బొమ్మలు, నంబర్లు ఒక్కొక్క ఫైల్‌తోని కలిపి చూసినం. రాత్రి పదకొండు గంటలకు తేలింది. రిపోర్టు 12 మిల్లీమీటర్ల ఫైల్ మీద తయారైంది. అంటే తుప్పు లెక్క తీయకుండా చేసిన నాజిల్ అనాలిసిస్‌కు మేం మోహర్ కొట్టి పంపినం. షెల్ మందం కోడ్ ఫార్ములా ప్రకారం సరిగ్గనే ఉంది, అందుల గల్తీ లేదు. నాజిల్ జోడు లెక్కనే తప్పు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రియాక్టర్ పక్కన నైట్ షిఫ్టుల ఎవరో ఒక తల్లి కొడుకు నిలబడి ఉంటడు. మా మొహల్లా పిల్లలు కూడా ఇట్లాంటి ఫ్యాక్టరీలల్లనే పని చేస్తరు. టిఫిన్ డబ్బా పట్టుకొని రాత్రి బస్ ఎక్కే పిల్లలను నేను రోజూ చూస్త.

పొద్దున్నే మాలిక్‌కు చెప్పిన. ఆయన రెండు నిమిషాలు చుప్‌గా ఉన్నడు. తర్వాత ఆ ఫ్యాక్టరీకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. దానికి నేను ఆయనకు సలాం చేస్త. వాళ్లు రియాక్టర్ ఆపిండ్రు. అల్ట్రాసోనిక్ గేజ్‌తోని మందం కొలిపించినం. తుప్పు 1 మిల్లీమీటర్ కూడా తినలేదు. 9తోని మళ్లీ మొత్తం లెక్క చేసినం. గుంజాయిష్ చాలా తక్కువ మిగిలింది, కానీ మిగిలింది. కొత్త నాజిల్‌కు చుట్టూ రీఇన్‌ఫోర్స్‌మెంట్ ప్లేట్ వేసి పెట్టినం. ఒక్క రోజు పని అనుకున్నది మూడు వారాలు పట్టింది. షుకర్, ఎవరికీ ఏం కాలేదు. కానీ మేం బచాయించింది మా హునర్‌తోని కాదు, ఖిస్మత్‌తోని. ఖిస్మత్ మీద రియాక్టర్ నడపొద్దు.

ఇది అయినంక నాకు మా నానా యాదికొచ్చిండు. అమ్మ వాళ్ల నాన్న. తహసీల్ దఫ్తర్‌ల మొహర్రిర్‌గా పని చేసేటోడు. నిజాం జమానాల మొదలుపెట్టి తర్వాత కూడా కొన్నేండ్లు చేసిండు. ఆయన పని నకళ్లు రాసుడు. రైతు వచ్చి తన పహాణీ నకల్ అడిగితే, రిజిస్టర్ తీసి, చూసి, చేత్తోని రాసి ఇచ్చుడు. కానీ రాసుడు సగం పనే అనేటోడు. నకల్ కింద ఏ రిజిస్టర్ నుంచి తీసిండ్రో, ఏ సాల్ దో, ఎవరు రాసిండ్రో, ఎవరు అసల్‌తోని ముఖాబిలా చేసిండ్రో రాయాలె. ఆఖరున "నకల్ ముతాబిఖ్ అసల్" అని రాసి దస్తఖత్ చెయ్యాలె. అంటే ఈ నకల్ అసలు కాగితంతోని సరిపోయింది, దీనికి నాది జిమ్మేదారీ అని. ఆ ఒక్క లైన్ లేకపోతే ఆ కాగితం ఉత్త కాగితమే, కచేరీల చెల్లది.

మా రంగుల రిపోర్టుకు ఆ లైన్ లేదు. ఇంజనీరింగ్ డిగ్రీ లేని మా నానా పహాణీకి పెట్టిన షరతు, ఇంత పెద్ద కంప్యూటర్లు పెట్టుకొని మేం రియాక్టర్‌కు పెట్టలేదు.

ఆ కొటేషన్‌ల ఉన్న సిస్టమ్ చేసే పని, సేల్స్ జబాన్ తీసేస్తే, ఇదే. ప్రతి రిజల్ట్‌కు దాని షజ్రా కలిపి పెడతది. ఏ డ్రాయింగ్, ఆ డ్రాయింగ్ ఎన్నో రివిజన్, ఏ మెటీరియల్, ఎంత మందం, ఎన్ని ముక్కలుగా కోసిండ్రు, ఏ జోర్ ఎంత ఇచ్చిండ్రు, ఏ సాఫ్ట్‌వేర్ ఎన్నో వర్షన్, ఎవరు చేసిండ్రు, ఎవరు చూసిండ్రు, ఏ తారీఖున సంతకం అయింది. డ్రాయింగ్ మారితే "నీ లెక్క పాత డ్రాయింగ్ మీద ఉంది" అని ఖబర్దార్ చేస్తది. పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇట్లాంటివి అమ్ముతున్నయి. ఆన్సిస్‌ది మినర్వా ఉంది, సీమెన్స్ టీమ్‌సెంటర్‌ల సిమ్యులేషన్‌కు వేరే హిస్సా ఉంది, సిమ్ మేనేజర్ అని ఇంకోటి ఉంది. కార్లు, విమానాలు చేసే కంపెనీలకు ఇది కొత్త ముచ్చట కాదు. ఒక్క కారు డిజైన్ మీద వేల క్రాష్ లెక్కలు నడిపేటోళ్లకు ఇది లేకుంటే పూట గడవది.

"మనకు డ్రాయింగులు పెట్టుకునే సిస్టమ్ ఉంది కదా, అందుల్నే పెడితే కాదా?" అని మా మాలిక్ అడిగిండు. మంచి సవాలే. డ్రాయింగ్‌కు ఒక్క టైమ్‌ల ఒక్కటే చెల్లే రివిజన్ ఉంటది. సిమ్యులేషన్ అట్ల కాదు. ఒక్క డ్రాయింగ్ మీద పది లెక్కలు ఉంటయి. ప్రెషర్ ఒకటి, వ్యాక్యూమ్ ఒకటి, గాలి, భూకంపం, క్రేన్‌తోని లేపేటప్పుడు, హైడ్రో టెస్ట్ చేసేటప్పుడు. ఒక్కో లెక్కకు ముందు నాలుగు ట్రయల్స్ ఉంటయి. ఫైళ్లు కూడా గిగాబైట్లల్ల ఉంటయి. డ్రాయింగ్ అల్మారాల వీటిని పడేస్తే ఉంటయి గానీ, ఏది దేనితోని పుట్టిందో చెప్పేటోడు ఉండడు.

ఇది మా అసుంటి చిన్నోళ్ల పరేషానీ మాత్రమే అనుకోకండి. 1991 ఆగస్టు 23న నార్వేల స్టావాంగర్ దగ్గర స్లైప్‌నర్ ఏ అనే ఆయిల్ ప్లాట్‌ఫారమ్ కాంక్రీట్ అడుగుభాగం సముద్రంల మునిగిపోయింది. సిమ్యులేషన్‌ల ఒక జోడు దగ్గర ముక్కలు సరిగ్గా కోయలేదు. అక్కడ పడే షియర్ జోర్ 47 శాతం తక్కువ చూపించింది. గోడలు పల్చగా కట్టిండ్రు. తర్వాత జాగ్రత్తగా మళ్లీ లెక్క చేస్తే 62 మీటర్ల లోతుల పగులుతదని వచ్చింది. నిజంగ పగిలింది 65 మీటర్ల దగ్గర. చూడండి, అదే సిమ్యులేషన్ సరిగ్గా చేస్తే ఎంత దగ్గరికి చెప్పిందో. లెక్కల ఎక్కడ గల్తీ అయిందో వెనక్కి పోయి చూడగలిగిండ్రు కాబట్టే దునియాకు ఆ సబఖ్ దొరికింది. ఇవాళ ఇంజనీరింగ్ క్లాసులల్ల ఆ ఖిస్సా చెప్తరు. 1999ల నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుని దగ్గర పోయింది. ఒక దిక్కు లెక్క పౌండ్లల్ల, ఇంకో దిక్కు న్యూటన్లల్ల. నంబర్ పక్కన యూనిట్ ఏందో ఎవరూ సరిగ్గా ముఖాబిలా చేయలేదు. అంత పెద్దోళ్లకే అట్లయితే, "ఫైనల్ కొత్తది" అని పేరు పెట్టుకునే మనమెంత?

అయితే మాలిక్‌కు నేను "కొనేయండి సార్" అని చెప్పిన్నా? లేదు. ఎందుకు చెప్పలేదో, మన తెలంగాణల ఎవరికైనా ఒక్క మాటతోని సమజ్ చేయొచ్చు. ధరణి.

నేను సియాసత్ మాట్లాడుతలేను. సిస్టమ్ తెచ్చే పద్ధతి గురించి మాట్లాడుతున్న. 2020 సెప్టెంబర్‌ల గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయింది. అదే సాల్ అక్టోబర్ 29న ధరణి పోర్టల్ మొదలైంది. భూమి రికార్డులు కంప్యూటర్‌ల ఉండాలె, రైతు దఫ్తర్ల చుట్టూ తిరగొద్దు అనే మక్సద్ మంచిదే. కానీ పాత రికార్డులల్ల ఉన్న తప్పులు అట్లనే కంప్యూటర్‌లకు ఎక్కినయి. అనుభవదారు కాలమ్ తీసేసిండ్రు. సర్వే నంబర్ తప్పు పడ్డోడు, పేరు తప్పు పడ్డోడు, విస్తీర్ణం తక్కువ పడ్డోడు, అందరూ తిరిగిండ్రు. ఊర్ల "ఇది ఎవరి చెల్క" అని నోటితోని చెప్పగలిగే మనిషి దఫ్తర్‌ల లేడు. 2025 ఏప్రిల్ 14న దాని జాగాల భూభారతి వచ్చింది. ఇన్ని అయినంక కూడా తగాదా వస్తే జనం ఇప్పటికీ వెతికేది 1954-55 ఖస్రా పహాణీ, సేత్వార్. ఎందుకంటే అవి చేను గట్టు మీద నిలబడి, చూసి, అడిగి రాసిన కాగితాలు.

ఇందుల మా కంపెనీకి మూడు సబఖ్‌లు కనపడుతున్నయి. తప్పు కాగితం కంప్యూటర్‌ల ఎక్కితే ఒప్పు కాదు, ఇంకా మొండిగైతది. కింద పని చేసేటోనికి అవసరమైన కాలమ్ పైనున్నోడు తీసేస్తే సిస్టమ్ గుడ్డిదైతది. యాద్ ఉంచుకునే మనిషిని తీసేసి మెషీన్ పెడితే, మెషీన్ తప్పు చెప్పినప్పుడు పట్టుకునేటోడు ఉండడు.

మూడో సబఖ్ దగ్గర కొంచెం ఆగుదాం. ఈ సిస్టమ్ ముచ్చట ఆఫీసుల తెలియంగానే మా దగ్గర చేసే పిల్లగాడు చాయ్ దగ్గర నన్ను పక్కకు పిలిచిండు. "అన్నా, నేను ఆరేండ్ల నుంచి నేర్చుకున్నదంతా అందుల పెడితే, రేపు తక్కువ జీతానికి కొత్తోన్ని తెచ్చి ఆ బటన్ ఒత్తమంటరు. నన్నెందుకు ఉంచుకుంటరు?" అన్నడు. నాకు వెంటనే జవాబు రాలేదు. ఆ డర్ ఝూట్ కాదు. హునర్ ఉన్నోని దగ్గర ఉన్న ఒక్కటే జాయ్‌దాద్ ఆ హునర్. మన షెడ్ల ఉస్తాద్ దగ్గర షాగిర్ద్ ఏండ్ల తరబడి సుత్తి అందించి నేర్చుకున్నది అట్ల. దాన్ని ఊరికే ఇచ్చేయమంటే ఎవరిస్తరు? పైకి "సరే సార్" అంటరు. సిస్టమ్‌ల నాలుగు ముచ్చట్లు నింపి, అసలు లెక్క తమ ల్యాప్‌టాప్‌ల పెట్టుకుంటరు. అప్పుడు మాలిక్ కొన్నది ఖాళీ గోదాము.

అందుకే నేను మాలిక్ ముందర పెట్టిన మొదటి షరతు సాఫ్ట్‌వేర్ గురించి కాదు. చేసినోని పేరు ఆ లెక్క మీద ఎప్పటికీ ఉండాలె. కంపెనీ విడిచిపోయినా ఉండాలె. పాత లెక్క మళ్లీ పనికొస్తే, దాన్ని చేసినోనికి ఇంక్రిమెంట్ టైమ్‌ల అది కనపడాలె. "నువ్వు ఈ నెల ఎన్ని లెక్కలు చేసినవ్" అని గంటలు లెక్కపెట్టేతందుకు ఈ సిస్టమ్ వాడొద్దు. అన్నింటికంటే పెద్దది, తన గల్తీ తనే రాసినోన్ని సజా చెయ్యొద్దు. ఫెయిలైన ట్రయల్, తప్పు పోయిన లెక్క, ఎందుకు తప్పు పోయిందో రాసిన రెండు లైన్లు, ఇవే రేపు వచ్చేటోనికి అసలు దౌలత్. కొరడా భయముంటే ఎవరూ అవి రాయరు. మంచియి మాత్రమే పెడతరు. మంచియి మాత్రమే ఉన్న రికార్డుతోని ఎవరికీ ఇల్మ్ పెరగది.

మా రిసెప్షన్‌ల గోడకు ఐఎస్ఓ 9001 సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టి ఉంటది. ఆ 2015 స్టాండర్డ్‌ల 7.1.6 అనే క్లాజు ఉంది. సంస్థకు అవసరమైన ఇల్మ్ ఏందో గుర్తుపట్టాలె, కాపాడాలె, అవసరమైనోళ్లకు అందేటట్టు చూడాలె అని దాని మత్లబ్. మేం ఆడిట్ వచ్చిన రోజు దానికి ట్రైనింగ్ రిజిస్టర్ చూపించి గడిపేసినం. సిమ్యులేషన్ లెక్కల గురించి ఎన్నడూ ఆలోచించలేదు. ఇది మా నలుగురి గల్తీ, అందుల నా హిస్సా పెద్దది. నేనే సీనియర్.

ఇగ తరీఖా. నేను మాలిక్‌కు రాసిచ్చింది ఇది.

మూడు నెలలు ఏం కొనొద్దు. నాజిల్ అనాలిసిస్ ఒక్కటే పట్టుకుందాం. మిగతా పని ఎట్లుందో అట్లనే ఉండనీ. ప్రతి నాజిల్ లెక్కకు ఒక నంబర్ ఇద్దాం. ఆ నంబర్ మీద ఒక్క పేజీ: డ్రాయింగ్ రివిజన్, మెటీరియల్, లెక్కల వాడిన మందం, తీసేసిన తుప్పు, ఇచ్చిన జోర్లు యూనిట్లతో సహా, సాఫ్ట్‌వేర్ వర్షన్, చేసినోడు, ముఖాబిలా చేసినోడు. ఇంతే. నలభై కాలమ్‌లు పెడితే నాలుగో రోజు నుంచి అందరూ "పైదే" అని రాసుడు మొదలుపెడతరు. చేత్తోని నింపేటివి ఎంత తక్కువుంటే అంత మంచిది. మందం, మెటీరియల్ అసుంటివి లెక్క ఫైల్‌ల నుంచే నేరుగా తీయొచ్చు, అందుకు చిన్న స్క్రిప్ట్ చాలు.

ఒక్కటే కానూన్. నంబర్ లేని రిపోర్టు మీద మాలిక్ సంతకం పెట్టొద్దు. కస్టమర్ ఎంత తొందర పెట్టినా, ట్రక్ గేటు దగ్గర నిలబడ్డా పెట్టొద్దు. ఈ కానూన్ ఒక్కసారి తప్పితే మళ్లీ నిలబడది. ఇది పిల్లల ఇమ్తెహాన్ కాదు, మాలిక్ ఇమ్తెహాన్.

పాత ఫైళ్లన్నీ ఒక్కసారి ఎక్కించొద్దు. ధరణి గల్తీ మనం చెయ్యొద్దు. ఇప్పటికీ నడుస్తున్న రియాక్టర్ల జాబితా తీద్దాం. వాటి రిపోర్టు ఏ ఫైల్‌తోని తయారైందో ఖాయం చేయగలిగినవే ఎక్కిద్దాం. ఖాయం చేయలేనివాటి మీద ఎర్రగా "అసల్ తెలియదు" అని రాద్దాం. అట్ల రాసేతందుకు షరమ్ పడొద్దు. అట్ల రాసిన ప్రతి రియాక్టర్‌కు టైమ్ చూసుకొని మళ్లీ లెక్క చేద్దాం. మా తరఫున గల్తీ దొరికితే ముందటి లెక్కనే ఫోన్ చేసి చెప్దాం.

పెద్ద ఫైళ్లు అన్నీ దాచొద్దు. లెక్కకు ఇచ్చిన ఇన్‌పుట్ చిన్నగుంటది. అది ఎప్పటికీ ఉంచాలె. రిజల్ట్ ఫైల్ గిగాబైట్లల్ల ఉంటది. ఇన్‌పుట్, సాఫ్ట్‌వేర్ వర్షన్ దగ్గరుంటే అవసరమైనప్పుడు మళ్లీ నడిపి తీయొచ్చు. ముఖ్యమైన నంబర్లు, బొమ్మలు, రిపోర్టు ఉంచి మిగతాది కొంత ముద్దత్ తర్వాత తీసేయొచ్చు. ఉంచినదానికి ఇంకో కాపీ ఈ బిల్డింగ్ బయట ఉండాలె.

మూడు నెలలు ఇది నడిస్తే అప్పుడు సాఫ్ట్‌వేర్ కొనండి. నడవకపోతే కోటి పెట్టి కొన్నా నడవది. కొనేతప్పుడు అమ్మేటోన్ని మూడు సవాళ్లు అడగండి. రేపు మేం నిన్ను విడిచిపెడితే మా డేటా మొత్తం మాకు చదువొచ్చే తీరుల బయటికొస్తదా? మేం వాడే రెండు మూడు రకాల సాఫ్ట్‌వేర్ల ఫైళ్లు అన్నీ నీ సిస్టమ్ చదువుతదా, నీ కంపెనీవి మాత్రమేనా? మా కస్టమర్ల డ్రాయింగులు ఏ సర్వర్‌ల ఉంటయి, ఎవరు చూడొచ్చు? ఈ మూడింటికి సాఫ్ జవాబు ఇయ్యనోని దగ్గర చాయ్ కూడా తాగొద్దు.

మీరు అడగొచ్చు, రిజిస్టరే సరిపోతే సాఫ్ట్‌వేర్ ఎందుకని. నిజమే, నలుగురికి రిజిస్టర్ సరిపోతది. పది మంది అయితే సరిపోది. మనిషి మరిచిపోతడు, తొందరల ఉంటడు, ఇంట్ల జ్వరం ఉన్న రోజు తప్పు రాస్తడు. డ్రాయింగ్ మారిందని ఆ రిజిస్టర్ మనల్ని లేపి చెప్పది. మెషీన్ చెప్తది. అందుకే నేను సిస్టమ్‌కు ఖిలాఫ్ కాదు. ఆదత్ ముందు రావాలె, మెషీన్ వెనక రావాలె అంటున్న, అంతే.

కొయ్యలగూడెం మగ్గం చూసినోళ్లకు ఇది కొత్తగా అనిపించది. ఇక్కత్ నేసేటోళ్లు ముందు గ్రాఫ్ కాగితం మీద డిజైన్ గీస్తరు. దాన్ని చూసి నూలుకు కట్లు కట్టి రంగుల ముంచుతరు. చీర అమ్ముడుపోయినా గ్రాఫ్ ఇంట్ల ఉంటది. అదే డిజైన్ మళ్లీ అడిగితే అది తీస్తరు. చీర కంటే గ్రాఫ్‌ను ఎక్కువ జాగ్రత్త చేస్తరు. మేం రియాక్టర్‌ను ట్రక్ ఎక్కించి, గ్రాఫ్‌ను "ఫైనల్ కొత్తది" అని పేరు పెట్టి మరిచిపోయినం.

మాలిక్ నా కాగితం రెండు సార్లు చదివిండు. "మూడు నెలలు అన్నవ్, ఇయ్యాల్టి నుంచే లెక్కపెట్టు" అన్నడు. పిల్లగాన్ని పిలిచి, పేరు ముచ్చట, సజా ముచ్చట తన నోటితోనే చెప్పిండు. వాడు పూరా నమ్మిండా అంటే చెప్పలేను. భరోసా మాటతోని రాది, మొదటి గల్తీ బయటపడ్డ రోజు మాలిక్ ఎట్ల మాట్లాడతడో దాన్ని బట్టి వస్తది.

నిన్న రిజిస్టర్‌ల మొదటి నంబర్ రాసినం. అదే రియాక్టర్. మందం 9 మిల్లీమీటర్లు, తీసేసిన తుప్పు 3. చేసినోని జాగాల పిల్లగాడు తన పేరు రాసిండు. ముఖాబిలా చేసినోని జాగాల నేను దస్తఖత్ చేసిన. కింద ఖాళీ జాగా ఉంటే, కాలమ్‌ల లేకపోయినా, మా నానా రాసే ఆ లైన్ కూడా రాసిన. పిల్లగాడు "ఇదేంది అన్నా?" అని అడిగిండు. చాయ్ తెప్పించి చెప్పిన.

ఖుదా హాఫిజ్.